అవని చెప్పిందట

"డెట్రాయిట్ అరగంటే" అని మా ఆయన అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో ఉన్న మా ఇంటి నుంచి మా అమ్మాయి అవని చదివే మెడికల్ కాలేజీకి, దాని ఆస్పత్రికి అరగంటేనట. ఏ రోజు అరగంట? ఆదివారం పొద్దున, చక్కగా ఎండ కాస్తూ, రోడ్డు మీద పురుగు కూడా లేనప్పుడు అరగంట. అవనికి సీటొచ్చిన కొత్తలో ఈ మహానుభావుడు సరిగ్గా అలాంటి ఆదివారం చూసుకుని ఒక్కడే కారేసుకుని వెళ్లి, ఆస్పత్రి ముందు ఫోటో దిగి వచ్చి, "చూశావా, థర్టీ మినిట్స్ కూడా పట్టలేదు" అని ఫోను నా మొహం ముందు ఆడించాడు. కారు బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. దేన్నయినా ఒక్కసారి కొలిచాడంటే ఇక అది శిలాశాసనం. సోమవారం నాడు మంచులో, లారీల మధ్య, తెల్లారకముందే హైవే మీద పోయే పిల్లకి ఆ అరగంట ఎంతవుతుందో కొలవడానికి మాత్రం ఒక్కనాడూ వెళ్లలేదు.

నా పేరు చాముండేశ్వరి. పేరుకు తగ్గ కోపం అని ఇక్కడి మనవాళ్లందరూ వేళాకోళం చేస్తారు. చేసుకోనీ. ఆయన పేరు కేశవరావు. ఆయనకి కోపం రాదు, మహా శాంతమూర్తి. కోపం రాని మనిషితో కాపురం చేసి చూడండి, తెలుస్తుంది.

అవని మొదటి రెండేళ్లూ ఏదోలా నెట్టుకొచ్చింది. క్లాసులు సగం ఇంట్లోనే కంప్యూటర్లో వినేది, వారంలో రెండు మూడు రోజులు వెళ్తే సరిపోయేది. మూడో ఏడు రాగానే బతుకు మారిపోయింది. ఇప్పుడు వార్డుల్లో డ్యూటీలు. పెద్ద డాక్టర్లు వచ్చేలోపు వీళ్లు రోగులందరినీ చూసి సిద్ధంగా ఉండాలి. అంటే చీకటితోనే లేచి పోవాలి. సాయంత్రం ఎప్పుడు వదులుతారో దేవుడికే ఎరుక. వారానికి ఒక్కరోజు సెలవు, అదీ చాలాసార్లు ఆదివారం.

ఆ ఒక్క ఆదివారాన్ని కూడా పిల్లకి మిగలనిచ్చారా? మా ఇంట్లో ఆదివారం పొద్దున ఇడ్లీలతో పాటు ఆస్పత్రి కూడా తెరుస్తారు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ మా అవని అప్పుడే డాక్టరు. తెల్ల కోటు వేసుకున్న ఫోటో ఒకటి మా ఆయన నాలుగు గ్రూపుల్లో పెట్టాడు, అంతే. ఒకాయన రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వస్తాడు. ఒకావిడ వాళ్లత్తగారి మోకాలి ఎక్స్‌రే ఫోన్లో చూపిస్తుంది. ఇంకొకాయన, చెప్పుకోడానికి సిగ్గుండాలి, మలబద్ధకం గురించి అడుగుతాడు. పిల్లేమో నిద్రమొహంతో, జుట్టు ముడేసుకుని మెట్లు దిగి వచ్చి, చేతిలో కాఫీ కప్పుతో సోఫా అంచున కూర్చుంటుంది.

"అంకుల్, నేను స్టూడెంట్‌నే. మీ డాక్టర్‌ని అడగండి, ప్లీజ్" అంటుంది ప్రతి ఒక్కరితో. ఈ ఒక్క వాక్యం మాత్రం దాని తెలుగులో ఎక్కడా తడబడదు. అన్నిసార్లు చెప్పింది మరి.

వాళ్లు వింటారా? "అబ్బ, నువ్వు కూడా అలాగే అంటే ఎలాగమ్మా. మన పిల్లవని అడిగితే" అంటారు. ఇక్కడ డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడం సంగతి వాళ్లూ ఎరుగుదురు, నేనూ ఎరుగుదును. దొరికినా ఆ డాక్టరు గడియారం చూసుకుంటూ మాట్లాడతాడు. ఇక్కడైతే ఇడ్లీ, కాఫీ, తెలుగు. ఎవరు మానుకుంటారు?

అవని చెప్పనిది మా ఆయన చెప్పేవాడు. అదీ నా కడుపుమంట. పిల్ల పైకి వెళ్లిపోగానే గొంతు తగ్గించి, "అది అలాగే అంటుంది, రూల్స్ కదా. నేను కనుక్కుని చెప్తాలే" అనేవాడు. సాయంత్రానికల్లా ఫోన్లో ఏదో చదివి, వాళ్లకి ఫోన్ చేసి, "అవని చెప్పింది, విటమిన్ డి వారానికోసారి వేసుకుంటే చాలట. అవని చెప్పింది, ఆ కొలెస్టరాల్ మాత్ర రాత్రిపూట వేసుకోవాలట" అని దంచేవాడు.

"ఎవరు చెప్పమన్నారండీ మిమ్మల్ని?" అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు.

"నేను చెప్తే వినరే. డాక్టర్ చెప్పిందంటే వింటారు. మంచిమాటేగా" అనేవాడు నవ్వుతూ. ఎంసెట్‌లో ఆయనకి మెడిసిన్ సీటు కొద్దిలో పోయిందట. పోతే పోయింది, దేశంలో ఎన్ని లక్షలమందికి పోలేదు? వాళ్లందరూ కూతుళ్ల పేరు చెప్పుకుని వైద్యం చేస్తున్నారా?

క్రిస్మస్ సెలవులయ్యాక ఒక ఆదివారం కృష్ణమోహన్ గారు వచ్చారు. మా ఆయనకి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ స్నేహితుడు, ఒకే కంపెనీలో చేరారు ఇద్దరూ. మంచి మనిషి. ఆయనకి గుండె కొట్టుకోవడంలో ఏదో తేడా ఉందని రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటాడు. దవడపన్ను పీకించుకోవాలి, మాత్ర వేసుకుంటే రక్తం ఆగదేమోనని భయం. ఆ మాత్ర కొన్నాళ్లు మానేయనా అని అవనిని అడిగాడు.

ఆ మాట వినగానే అవని కాఫీ కప్పు కింద పెట్టేసింది. నేను వంటింట్లో చట్నీ రుబ్బుతున్నదాన్ని మిక్సీ ఆపి మరీ విన్నాను, ఎందుకంటే దాని గొంతు మారింది.

"అంకుల్, అది ఆపకండి. మీ అంతట మీరు అస్సలు ఆపకండి. మీ కార్డియాలజిస్ట్‌కి రేపే కాల్ చేయండి. డెంటిస్ట్‌కి కూడా చెప్పండి. ప్రామిస్?"

ప్రామిస్ అన్నాడాయన. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

తరువాత కొన్నాళ్లకి, జనవరి చివర్లో, ఒక మంగళవారం సాయంత్రం పప్పులో పోపు వేస్తుంటే అవని కారు వచ్చిన చప్పుడయింది. పోపు వేయడం అయింది, గిన్నె దించడం అయింది, పిల్ల లోపలికి రాలేదు. కిటికీలోంచి చూస్తే కారు వాకిట్లోనే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, ఇంజను నడుస్తోంది. ఇంటి చెప్పులతోనే మంచులోకి పరుగెత్తాను. లోపల పిల్ల స్టీరింగు మీద తల పెట్టుకుని పడి ఉంది. సీటు బెల్టు కూడా తీయలేదు. అద్దం మీద దబదబా బాదితే ఉలిక్కిపడి లేచి, కాలితో బ్రేకు గట్టిగా తొక్కింది.

"గ్రీన్ వచ్చిందా?" అంది.

"ఎక్కడి గ్రీనే? ఇంటి ముందున్నావు తల్లీ!"

అది నా మొహం, గరాజు తలుపు, తన చేతులు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, హైవే ఎగ్జిట్ తీసుకున్నది నాకు గుర్తు లేదు. బిగ్ బీవర్ రోడ్ మీద వచ్చింది కూడా గుర్తు లేదు" అని ఏడ్చేసింది. చిన్నప్పుడు మోచెయ్యి విరిగినప్పుడు కూడా అంతలా ఏడవలేదది.

ఆ రోజే భోజనాల దగ్గర విషయం బయటపెట్టింది. అంకిత అని తన క్లాసుమేటు. ఆస్పత్రికి నడిచిపోయే దూరంలో రెండు గదుల అపార్ట్‌మెంటులో ఉంటోంది. ఆ పిల్లతో ఉండే అమ్మాయి వెళ్లిపోతోంది. ఆ గది అవనికిస్తుందట, శుక్రవారంలోగా అవునో కాదో చెప్పాలి. వచ్చే నెల నుంచి సర్జరీ డ్యూటీ, అది అన్నిటికంటే దుర్మార్గమైనదట.

"నేను ఈ డ్రైవ్ చేయలేను డాడీ. టుడే ఐ స్లెప్ట్. డ్రైవ్ చేస్తూ" అంది.

మా ఆయన ముద్ద కలుపుతూ నింపాదిగా, "ఇల్లుండగా వేరే గదెందుకురా నాన్నా? అరగంటే కదా. పోనీ నేను దింపుతాలే అప్పుడప్పుడు. డెట్రాయిట్‌లో ఆడపిల్లలు ఒంటరిగా ఉండటం సేఫ్ కాదు. తిండి ఎలా? అమ్మ వంట లేకుండా రెండు రోజులు ఉండగలవా నువ్వు?" అన్నాడు.

ఒక్కొక్క కారణం చెబుతుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ ఊళ్లో డాక్టర్లందరూ ఎక్కడ చదువుకున్నారండీ, చెట్ల మీదా? అందరూ అక్కడ ఉన్నవాళ్లే. తిండి నేను డబ్బాల్లో పెట్టి పంపిస్తాను. పిల్ల స్టీరింగు ముందు నిద్రపోయిందని చెబుతుంటే మీకు చెవుల్లోకి ఎక్కుతోందా లేదా?"

"ఎందుకలా అరుస్తావు? ఆదివారం కూర్చుని మాట్లాడదాం."

"శుక్రవారం చెప్పాలంటే ఆదివారం మాట్లాడతారా?"

ఆయన చిరునవ్వు నవ్వి మజ్జిగ వంచుకున్నాడు. ఆ చిరునవ్వు చూస్తే గిన్నె తీసి నేలకేసి కొట్టాలనిపిస్తుంది నాకు. ఆయనకి అవని తిండి గురించి కాదు బెంగ, డెట్రాయిట్ దొంగల గురించీ కాదు. పిల్ల వెళ్లిపోతే ఆదివారం సోఫాలో ఎవరు కూర్చుంటారు? "మా ఇంట్లోనే డాక్టరుందండీ" అని ఎవరి మొహం చూపిస్తాడు? ఆ మాటే మొహం మీద అనేశాను. ఆయనకి కోపం రాలేదు. చెయ్యి కడుక్కుని టీవీ ముందుకు వెళ్లిపోయాడు.

ఆయన ఒప్పుకుంటే తప్ప అవని వెళ్లదు, అదీ బాధ. అదేం పిల్లో! ఇక్కడ పుట్టిన పిల్లలు పద్దెనిమిదేళ్లు రాగానే సంచీ సర్దుకుంటారంటారు. ఇది మాత్రం, "డాడీ హ్యాపీగా ఓకే అనాలి అమ్మా, లేకపోతే నాకు అక్కడ నిద్ర పట్టదు" అంటుంది. తండ్రంటే అంత ప్రాణం. చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని ఊరంతా తిరిగిన పిల్ల.

బుధవారం కూడా ఆయన నోరు విప్పలేదు. గురువారం పెద్ద మంచు పడుతుందని చెప్పి స్టూడెంట్లని మధ్యాహ్నమే పంపించేశారు. మా ఆయన కూడా ఇంట్లోంచే పని చేసుకుంటున్నాడు. అవని సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుంది. నేను టీ పెడుతున్నాను. అప్పుడు వచ్చింది ఛాయాదేవి, కృష్ణమోహన్ గారి భార్య. తలుపు తీయగానే బూట్లు కూడా విప్పకుండా, మంచు బురదతో సహా హాల్లోకి నడిచి వచ్చేసింది. ఆవిడ ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో చెప్పులు జతగా సర్ది పెట్టి వచ్చే మనిషి. ఏదో ఘోరం జరిగిందని అప్పుడే అర్థమయింది నాకు.

"అవనీ, మేం నీకేం అన్యాయం చేసినం బిడ్డా?" అంది.

అవని దుప్పటి తోసేసి లేచి నిలబడింది. మా ఆయన తన గదిలోంచి బయటికొచ్చాడు.

"మీ అంకుల్‌కి పొద్దున స్ట్రోక్ వచ్చింది. బాత్రూంల పడిపోయిండు. కుడిచెయ్యి లేస్తలేదు. మాట ముద్దముద్దగ వస్తున్నది, నా పేరు కూడ పలుకలేకపోతున్నడు" అంటూ అక్కడే గోడకి ఆనుకుంది. "ఆ బ్లడ్ థిన్నర్ ఆపినందుకే అయిందన్నరు డాక్టర్లు. ఎవరు ఆపుమన్నరు అని అడిగిన్రు. నేనేం చెప్పాలె? నీ పేరే చెప్పిన."

"నో" అంది అవని. "నో ఆంటీ. నేను ఆపద్దు అని చెప్పా. అంకుల్ ప్రామిస్ చేశారు నాకు. కార్డియాలజిస్ట్‌కి కాల్ చేయమని చెప్పా."

"పొద్దుగాల అట్లనే అన్నవట. మల్ల సాయంత్రం కేశవరావు అన్నయ్య ఫోన్ చేసిండు కద. అవనిని మంచిగ అడిగిన, పన్ను తీసేదాకా ఆపితే ఏం కాదని చెప్పింది అన్నడు. స్పీకర్ల పెట్టుకుని మాట్లాడిన్రు, నేను పక్కనే ఉన్న. నా చెవులతోని విన్న."

నేను మా ఆయన వైపు తిరిగాను. అవనీ తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చూస్తున్నాను. చెప్పాడు.

"ఏదో తొందర్లో అనుంటుందమ్మా. చిన్నపిల్ల. ఇంకా నేర్చుకుంటోంది కదా" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తర్వాత నేనేం మాట్లాడానో, ఎంత గట్టిగా మాట్లాడానో, మా పక్కింటి తెల్లవాళ్లకి కూడా వినబడి ఉంటుంది. "ఏమన్నావు? ఏమన్నావు నువ్వు?" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన్ని నువ్వన్నాను. "మిక్సీ ఆపి విన్నానయ్యా నేను! ఆపకండి అని పిల్ల దండం పెట్టినట్టు చెప్పింది. ఆ సాయంత్రం అది లైబ్రరీలో ఉంది, ఇంట్లోనే లేదు. ఎవర్ని అడిగావు? ఏ అవనిని అడిగావు? నీ ఫోన్లో చదివిన చెత్తంతా పిల్ల నోట్లో పెట్టి, ఇవాళ ఒక మనిషి మంచాన పడితే ఆ పాపం కూడా దాని నెత్తినే పోస్తావా? నువ్వు మనిషివేనా?"

ఛాయాదేవి నా వంక చూసింది. కోపంగా కాదు, అలసిపోయి చూసింది. "వదినా, నా బిడ్డైతే నేను గట్లనే అంట. ఏ తల్లైన అంతే అంటది. అన్నయ్యనే చెప్పుమను" అంది.

అదీ న్యాయమే. తల్లి మాటకి విలువెక్కడిది ఆ చోట? ఆయన నోరు తెరిస్తేనే అది నిజమవుతుంది.

అప్పుడు అవని ఆయన ముందుకు వెళ్లి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు. చాలా మెల్లగా మాట్లాడింది.

"డాడీ, ఆంటీకి ఒక్క మాట చెప్పు. అవని చెప్పలేదు, నేను చెప్పా అని. దట్స్ ఆల్. ఇంకేం అడగను. నేను అంకితకి నో చెప్పేస్తా. రూమ్ వద్దు నాకు. ఇక్కడే ఉంటా. రోజూ డ్రైవ్ చేస్తా, చదువు అయ్యేదాకా. సండే అందరికీ రిపోర్ట్స్ కూడా చూస్తా. నువ్వు ఒక్క సెంటెన్స్ చెప్పు చాలు."

వద్దే, ఆ బేరం పెట్టకే అని అరవాలనిపించింది. ఆ రోడ్డు మీద చచ్చిపోతుందేమోనని నేను వణుకుతుంటే, అది ఆ రోడ్డునే తీసుకొచ్చి తండ్రి కాళ్ల దగ్గర పెట్టింది, ఒక్క నిజం కోసం. కానీ నోరు మూసుకున్నాను. ఎందుకంటే చెప్తాడనుకున్నాను. ఎంత చెడ్డా తండ్రి కదా, ఇంత సులువు చేసి పెడితే చెప్పడా అనుకున్నాను.

మా ఆయన దాని మొహం చూశాడు. ఛాయాదేవి మొహం చూశాడు. కిటికీలోంచి మంచు చూశాడు. "ఎవరన్నారన్నది కాదమ్మా ఇప్పుడు ముఖ్యం. ముందు కృష్ణమోహన్‌ని చూడాలి. పదండి, నేను తీసుకెళ్తాను. రోడ్లు బాగాలేవు" అని కోటు కోసం అలమరా దగ్గరికి నడిచాడు.

ఛాయాదేవికి అదే జవాబయిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నువ్వు మాత్రం చూడటానికి రాకు బిడ్డా. ఆయన తట్టుకోలేడు" అని అవనితో అంది. తలుపు పడింది.

అవనిని దగ్గరికి తీసుకోబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత ఫోన్ తీసి అంకితకి చేసింది. "యెస్. ఈ శనివారమే వచ్చేస్తా" అంది, అంతే. పైకి వెళ్లి సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇక దానికి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు.

ఆయన ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక నేను గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాను. "అక్కడైనా చెప్పారా?" అన్నాను.

"చాముండీ, కాస్త ఆలోచించు. స్టూడెంట్ పొరపాటున అందంటే ఎవరైనా క్షమిస్తారు. రేపు మర్చిపోతారు. నేను చెప్పానంటే పాతికేళ్ల స్నేహం పోతుంది. ఈ ఊళ్లో తలెత్తుకుని తిరగగలనా?"

"అంటే మీ తల నిలబడటానికి దాని తల కోసిచ్చారా?"

"అంత పెద్ద మాటలెందుకు?"

ఎందుకా? అంతకంటే చిన్న మాటలు నా దగ్గర లేవు గనక. ఆయన అంత లెక్కగా, అంత శాంతంగా ఆలోచించి పెట్టుకున్నాడంటే నాకు అసహ్యం వేసింది. కంగారులో నోరు జారాడనుకుంటే ఎక్కడో ఒకచోట క్షమించేదాన్ని.

శుక్రవారం పొద్దున అవని తన కాలేజీలో స్టూడెంట్ల వ్యవహారాలు చూసే పెద్దావిడ ఒకరి దగ్గరికి వెళ్లి, ఎవరూ అడగకముందే అంతా చెప్పుకుంది. తండ్రి పేరు కూడా చెప్పవలసి వచ్చిందట. ఇకమీదట ఎవరేమడిగినా జవాబివ్వొద్దని, తామున్నామని ఆవిడ అందట. నేను కృష్ణమోహన్ గారున్న ఆస్పత్రికి వెళ్లాను. చేతిలో పళ్లు లేవు, క్యారేజీ లేదు, ఒట్టి చేతులతో వెళ్లాను. ఆయన మంచం దగ్గరున్న డాక్టరుతోనూ, ఛాయాదేవితోనూ, "ఆపమని చెప్పింది మా ఆయన. మా అమ్మాయి కాదు. మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది రాసుకోండి" అన్నాను. డాక్టరు రాసుకున్నాడు. ఛాయాదేవి గోడవైపు తిరిగి కూర్చుంది. కృష్ణమోహన్ గారు నన్ను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు. ఆయన కంట్లోంచి నీరు కారింది. అది కోపమో, జాలో, జబ్బో నాకు తెలియలేదు.

శనివారం నేనూ అవనీ రెండు కార్లలో సామాను ఎక్కించాం. పరుపు, రైస్ కుక్కరు, పుస్తకాలు, నేను చేసిన పొడులు. మా ఆయన వాకిట్లో మంచు ఊడ్చి దారి చేశాడు, ఉప్పు చల్లాడు. ఒక పెట్టె ఎత్తుకుని కారు దగ్గరికి తెస్తుంటే అవని ఎదురెళ్లి, "ఇట్స్ ఓకే డాడీ, నేను తీసుకుంటా" అని ఆయన చేతుల్లోంచి పెట్టె తీసేసుకుంది. గొంతులో కోపం లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు తలుపు పట్టుకుంటే థాంక్స్ చెబుతామే, అలా ఉంది. ఆయన ఖాళీ చేతులతో అక్కడే నిలబడిపోయాడు.

ఆ గదిలో కిటికీ తీస్తే ఎదురుగా ఆస్పత్రే. నేను వంటింట్లో డబ్బాలు సర్ది వచ్చేసరికి అవని దుప్పటి కూడా పరచని పరుపు మీద, కోటు కూడా విప్పకుండా నిద్రపోయింది. దాని కాళ్లకున్న బూట్లు నేనే విప్పాను. ఎంతసేపు పడుకుందో, అంతసేపూ నేలమీద దాని పక్కనే కూర్చున్నాను. ఇంత చిన్న సుఖం కోసం పిల్ల ఇంత దండుగ చెల్లించాలా అని కడుపు రగిలిపోయింది. లేచాక కాఫీ ఇచ్చి, బయలుదేరబోతుంటే గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, డాడీకి ఈ అడ్రస్ ఇవ్వకు."

"ఎన్నాళ్లే?"

"ఆంటీకి చెప్పేదాకా."

సరే అన్నాను. ఇంకేమంటాను?

ఇంటికొచ్చేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. "గది ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"హీటర్ పనిచేస్తోందా? తలుపుకి ఇంకో గడియ వేస్తే మంచిది. రేపు నేను వెళ్లి బిగించి వస్తాను. అడ్రస్ ఏంటి?"

"చెప్పను" అన్నాను.

"అదేంటి? నా కూతురు ఎక్కడుంటోందో నాకు తెలియక్కర్లేదా?"

"ఛాయాదేవికి ఫోన్ చేయండి. మీరు చెప్పవలసింది చెప్పండి. ఆ మరుక్షణం చెప్తాను. కారులో కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్తాను."

"అదే అలా చెప్పమందా?"

"అవును. అవనే చెప్పింది. ఈసారి నిజంగానే చెప్పింది."

ఆయన మొహం ఒక్కసారి పాలిపోయింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఛాయాదేవి నంబరు దాకా వెళ్లాడు, నాకు కనిపిస్తూనే ఉంది. నొక్కండి, ఒక్కసారి నొక్కండి, ఇంత కోపమూ ఇక్కడే దించేసుకుంటాను, మీ కాళ్లకి దండం పెడతాను అని లోపల్లోపల అనుకున్నాను. ఆయన వేలు అద్దం మీద అలాగే ఆగి ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత ఫోను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు.

"అన్నం వడ్డించు" అన్నాడు.

"వడ్డించుకోండి" అన్నాను నేను. ఆయన్ని బల్ల దగ్గరే వదిలేసి పైకి వెళ్లి, అవని గదిలో తలుపేసుకున్నాను.